మే నెలకు తట్టుకునే మైనం

(తిరుపతిలో పొదుపు సంఘాల మహిళలకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న అక్కావాళ్లు కాస్త ముందుకు రండి. ఫ్యాను కింద ఉన్నవాళ్లు మాత్రం కదలొద్దు, ఏప్రిల్లో ఆ చోటు వదులుకోమని చెప్పే పాపం నేను మూటగట్టుకోను. (నవ్వులు)

నేను లెక్చరర్‌ని కాదమ్మా. బైరాగిపట్టెడలో మా ఇంటి వెనక వరండాలో తొమ్మిదేళ్లుగా కొవ్వొత్తులు పోస్తున్నాను. మొదలుపెట్టినప్పుడు మా అత్తయ్య అడిగింది, "ఇంటింటికీ ఇన్వర్టర్ వచ్చినాక కొవ్వొత్తి ఎవరు కొంటారే?" అని. అడగడంలో తప్పు లేదు. కరెంటు పోతే వెలిగించుకునే కొవ్వొత్తికి గిరాకీ తగ్గింది. వాసన కోసం, అలంకారం కోసం, పెళ్లిలో రిటర్న్ గిఫ్ట్ కోసం కొనేది పెరిగింది. కరెంటు పోయినప్పటి కొవ్వొత్తి గంట వెలిగితే చాలు, అది ఎలా ఉందో ఎవరూ చూడరు. గిఫ్ట్‌గా ఇచ్చింది షోకేసులో ఆర్నెల్లు కూర్చుంటుంది. ఆ ఆర్నెల్లలో మే నెల ఉంటుంది. ఈరోజు నేను మాట్లాడేదంతా ఆ మే నెల గురించే.

నా మొదటి పెద్ద ఆర్డరు చిత్తూరు నుంచి వచ్చింది. పెళ్లికి అరవై గ్లాసు కొవ్వొత్తులు, మల్లెపూల వాసన. అమెరికావాళ్ల వీడియోలు చూసి సోయా మైనం తెప్పించాను. ఎంత అందంగా వచ్చాయంటే, పైభాగం మీగడలాగా నున్నగా ఉంది. అట్టపెట్టెల్లో సర్ది, మా తమ్ముడి కారు డిక్కీలో పెట్టి పంపాను. చిత్తూరు ఎంత దూరం, డెబ్బై కిలోమీటర్లు. దారిలో వాడు భోజనానికి ఆగాడు. కారు ఎండలో పెట్టాడు. ఎండలో మూసిన కారు లోపల 50 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు, డిక్కీ సంగతి చెప్పనక్కరలేదు. పెళ్లివాళ్లు పెట్టె తెరిచేసరికి మైనం కరిగి, గ్లాసులు ఎటు వాలితే అటు వాలి, అలాగే గడ్డకట్టి ఉంది. వత్తి ఒక మూలకు పోయింది. పైన నూనె తేలింది. ఆ అరవైకీ డబ్బు తిరిగిచ్చాను. తమ్ముడితో నెల మాట్లాడలేదు. తర్వాత ఆలోచిస్తే తప్పు వాడిది కాదు, నాది. 50 డిగ్రీల లోపే కరిగే మైనాన్ని మేలో బయటికి పంపింది నేను.

ఇక్కడ ఒక మాట పట్టుకోండి. కరగడం వేరు, మెత్తబడటం వేరు. మైనం బస్తా మీద రాసేది కరిగే వేడి. దానికి పది, పదిహేను డిగ్రీల ముందునుంచే మైనం మెత్తబడుతుంది. వెన్న సంగతి చూడండి, కరిగి నెయ్యి కాకముందే వేలు పెడితే దిగుతుంది కదా. 58 డిగ్రీలకు కరిగే పారఫిన్ అనే మైనంతో పోసిన సన్నటి పొడుగు కొవ్వొత్తి మన 42 డిగ్రీల మధ్యాహ్నం కరగదు, కానీ వంగుతుంది. నా షెల్ఫ్‌లో నిలబెట్టినవి ఒక ఏడాది సాయంత్రానికల్లా వరసగా తలలు వంచాయి. అన్నీ ఉత్తరానికే, కొండకు మొక్కుతున్నట్టు! (నవ్వులు) భక్తి ఏమీ లేదమ్మా, కిటికీలోంచి ఎండ పడింది.

మదనపల్లెలో మా చిన్నమ్మ కూతురు ఉంది. అదే బస్తా మైనం, అదే అచ్చు, తనవి వంగలేదు. మదనపల్లె ఎత్తులో ఉంది, మనంత ఉడకదు. కాబట్టి "ఏ మైనం మంచిది" అని నన్ను అడిగితే, "ఎక్కడ, ఏ నెలలో, దేంట్లో" అని నేను తిరిగి అడుగుతాను. గ్లాసులో పోసేదా, ఊరికే నిలబడేదా అన్నది అన్నిటికంటే ముందు. గ్లాసులోది మెత్తబడినా గ్లాసు పట్టుకుంటుంది. నిలబడేదానికి దాని ఒళ్లే ఆధారం.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం. ముందు పారఫిన్. ఇది ముడిచమురు నుంచి వస్తుంది. ఇంజన్ ఆయిల్ తయారీకి నూనెను శుద్ధి చేసేటప్పుడు అందులోంచి మైనాన్ని వేరుచేస్తారు. చెన్నై దగ్గర మణలి రిఫైనరీలో చేస్తారు, అస్సాంలో డిగ్బోయ్, నుమాలిగఢ్‌లో చేస్తారు. పలకలుగానో, బిళ్లలుగానో వస్తుంది. బస్తా మీద 58-60 అనో, 60-62 అనో ఉంటుంది. ఆ అంకె అడగకుండా కొనొద్దు. నేను మొదట్లో "తెల్ల మైనం ఇవ్వండి" అని తెచ్చుకునేదాన్ని, బియ్యం కొట్లో "తెల్ల బియ్యం ఇవ్వండి" అన్నట్టు. ఇంకోటి, చేత్తో పట్టుకుని చూడండి. వేళ్లకు జిడ్డు అంటితే అందులో నూనె సరిగా తీయలేదు. అలాంటిది చవగ్గా వస్తుంది, పొగ ఎక్కువ, మెత్తదనం ఎక్కువ. పూర్తిగా శుద్ధి చేసింది గట్టిగా, పొడిగా ఉంటుంది.

పారఫిన్‌కు ఒక గుణం ఉంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. వత్తి చుట్టూ గుంట పడుతుంది. భయపడొద్దు, పోయడం తప్పని కాదు. సగం గట్టిపడ్డాక వత్తి పక్కన పుల్లతో రెండు మూడు చోట్ల గుచ్చి, దాచుకున్న మైనం మళ్లీ పోయాలి. ముడుచుకోవడం మంచిదే, అచ్చులోంచి కొవ్వొత్తి ఊడి వస్తుంది.

ఊరికే పారఫిన్ కాకుండా దాంట్లో స్టియరిక్ యాసిడ్ కలపండి. తెల్లటి పలుకులుగా అమ్ముతారు. వంద గ్రాముల మైనానికి పది గ్రాములు. గట్టిదనం వస్తుంది, పాలలాంటి తెలుపు వస్తుంది, ఎండకు వంగడం బాగా తగ్గుతుంది. నా వంగిన కొవ్వొత్తుల జబ్బుకు మందు ఇదే.

(ఒక శ్రోత: అక్కా, అది జంతువుల కొవ్వుతో చేస్తారంటారే? పూజలో పెట్టొచ్చా?)

మంచి ప్రశ్న. మన మాటలోనే ఉంది చూడండి, కొవ్వొత్తి, అంటే కొవ్వు వత్తి. ఒకప్పుడు ఐరోపాలో జంతువుల కొవ్వు కరిగించి వత్తులు పోసేవాళ్లు. కంపు, పొగ, ముట్టుకుంటే జిడ్డు. 1820ల్లో ఫ్రాన్సులో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త కొవ్వులోంచి గట్టిగా ఉండే భాగాన్ని విడదీశాడు. అదే ఈ స్టియరిక్. 1825లో గే-లుస్సాక్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి దానితో కొవ్వొత్తులు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పారఫిన్ ఆ తర్వాత 1830లో దొరికింది. అలా కొవ్వొత్తిలోంచి కొవ్వు పోయింది, పేరులో మాత్రం మిగిలింది. ఇప్పుడు స్టియరిక్ పామాయిల్ నుంచి కూడా తీస్తారు, జంతువుల కొవ్వు నుంచి కూడా తీస్తారు. చూసి చెప్పలేం. కాబట్టి కొనేటప్పుడు "ఇది మొక్కల నుంచి తీసిందా" అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. పూజకు అమ్మేవాళ్లు తప్పకుండా రాయించుకోండి. తిరుపతిలో ఉండి ఆ మాట అడగకపోతే ఎలా! పూజకు నన్నడిగితే ప్రమిద, నువ్వులనూనె చాలు అంటాను, నా వ్యాపారానికి దెబ్బైనా సరే.

సోయాకు వద్దాం. దాని మీద నాకు కోపం లేదు, అరవై గ్లాసులు పోయినా. సోయాబీన్ నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిస్తే వస్తుంది. అమెరికాలో 1990ల్లో తయారైంది, అంటే మనలో చాలామందికంటే చిన్నది. వనస్పతి ఎలా చేస్తారో తెలుసు కదా, దానికి తమ్ముడిలాంటిది ఇది. గ్లాసులో పోసే రకం 46 నుంచి 54 డిగ్రీల మధ్య కరుగుతుంది. గిన్నె కడగడం తేలిక, సబ్బు, వేడినీళ్లు చాలు. గ్లాసును బాగా అంటిపెట్టుకుంటుంది. నిదానంగా కాలుతుంది. పారఫిన్‌కంటే ఖరీదు, నేను కొనే చోట దాదాపు రెట్టింపు.

దీంతో ఒక తంటా, పైన తెల్లటి పూత, రవ్వరవ్వగా, పాతబడ్డట్టు కనబడుతుంది. రంగు వేసినదాంట్లో ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. మొదట్లో నాకు టెన్షన్, బూజు పట్టిందేమో అని. బూజు కాదు. నెయ్యి నిదానంగా ఆరితే పూస కడుతుంది చూడండి, అదే ఇది. ఇదీ గట్టిపడిన నూనే కదా, ఆరేటప్పుడు స్ఫటికాలు కడుతుంది. పూస కట్టిన నెయ్యిని మనం మంచి నెయ్యి అంటాం, పూస కట్టిన కొవ్వొత్తిని కస్టమర్ వెనక్కిస్తుంది! కాబట్టి సోయాలో రంగు వేయకండి, తెల్లగా వదిలేయండి, పూత కనబడదు. పోసేముందు గ్లాసును కొంచెం వెచ్చబెట్టండి, ఫ్యాను గాలి తగలని చోట ఆరనివ్వండి. ఇంకా, పోసిన రోజే వెలిగించి వాసన రాలేదని బాధపడకండి. సోయాకు వారం, పది రోజులు మూత పెట్టి ఉంచితే వాసన పడుతుంది. ఆవకాయ పెట్టిన రోజే తింటామా?

సెంటు ఎంత వేయాలని అందరూ అడుగుతారు. నూటికి ఆరు గ్రాములతో మొదలుపెట్టండి. సోయా పది వరకు పట్టుకుంటుంది, ఉత్త పారఫిన్ అంత పట్టుకోదు, మిగిలింది చెమటలాగా పైకి వస్తుంది. ఎండాకాలం ఒక సంగతి మరిచిపోవద్దు. సెంటు కూడా నూనే. ఎక్కువ వేసేకొద్దీ మైనం మెత్తబడుతుంది. మల్లెవాసన గుప్పున రావాలని చేతికొచ్చినంత పోస్తే, వేడికి తట్టుకోవాల్సిన మైనాన్ని మనమే పాడుచేసుకున్నట్టు.

(మరో శ్రోత: సోయాకు పొగ రాదంట కదా, పారఫిన్ విషమంట కదా?)

డబ్బాల మీద అలా రాస్తారమ్మా. ఏ మైనమైనా కాలితే కాలినట్టే. వత్తి పొడుగైతే అన్నీ మసి పెడతాయి, సోయా కూడా. గోడ నల్లబడిందంటే ముందు వత్తి చూడండి. ప్రతిసారీ వెలిగించేముందు అర సెంటీమీటరు ఉంచి కత్తిరించండి. గాలి కొట్టేచోట పెట్టొద్దు, మంట ఊగితే పొగే. చిన్న గదిలో కిటికీలన్నీ మూసి నాలుగైదు వెలిగించి కూర్చోకండి, మైనం ఏదైనా సరే. సీసం తీగ ఉన్న వత్తులు మాత్రం నిజంగా విషమే. అమెరికాలో వాటిని 2003లో నిషేధించారు. లోపల లోహపు తీగ కనబడి, అదేమిటో అమ్మేవాడు చెప్పలేకపోతే తీసుకోకండి. నూలు వత్తి చాలు.

ఇక తేనెమైనం. దీని దగ్గర నేను కాసేపు ఆగుతాను, నాకిష్టం కాబట్టి. కరగడానికి 62 డిగ్రీలు దాటాలి. మన ఎండకు గట్టిగా నిలబడేది ఇదే. ఏ సెంటూ లేకుండానే తేనె వాసన. ధర వింటే మాత్రం గుండె జారుతుంది.

మనకు ఇది కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ వేసేవాళ్లు, పాతకాలంలో నీలిరంగు అద్దేటప్పుడు, నీలి పట్టకూడని చోటంతా మైనం పూసేవాళ్లు. గుడ్డను నీలిమందు తొట్టిలో ముంచితే మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. తర్వాత వేడినీళ్లలో మైనం తీసేసేవాళ్లు. పంచలోహ విగ్రహాలు పోతపోసే శిల్పులదీ మైనం పనే. ముందు మైనంతో బొమ్మ చేసి, దానిచుట్టూ మట్టి పూసి, కాల్చి మైనాన్ని బయటికి పంపి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. దీన్ని శాస్త్రాల్లో మధూచ్ఛిష్ట విధానం అన్నారు. మధువు ఉచ్ఛిష్టం, అంటే తేనె తీయగా మిగిలిన ఎంగిలి. మైనానికి ఇంత అందమైన పేరు ఇంకెక్కడైనా ఉందో లేదో. ఆ శిల్పులు ఉత్త తేనెమైనం వాడరు. గట్టిదనానికి గుగ్గిలం కలుపుతారు, మెత్తదనానికి కాస్త నూనె కలుపుతారు. పనిని బట్టి పాళ్లు మారతాయి. నాకు సగం పాఠం అక్కడే వచ్చింది. మైనాన్ని ఉన్నదున్నట్టు వాడాలని ఎవరూ చెప్పలేదు, కలుపుకోవచ్చు.

అలా నేను చేసిందేంటంటే, వంద గ్రాముల సోయాకు పది గ్రాముల తేనెమైనం. మార్చి నుంచి జూన్ దాకా నా గ్లాసు కొవ్వొత్తులన్నీ ఇదే. కొంచెం ఖర్చు పెరుగుతుంది, కానీ పైన నూనె తేలడం తగ్గింది. తేనెమైనం కొనేటప్పుడు జాగ్రత్త, పారఫిన్ కలిపి అమ్ముతారు. కొంచెం తీసుకుని థర్మామీటరు పెట్టి కరిగించి చూడండి. 56, 57కే కరిగిపోతే అనుమానించాల్సిందే. పాతబడిన అసలు తేనెమైనం మీద బూడిదలాంటి తెల్లపొర వస్తుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది. అది కల్తీ కాదు, చూసి పారేయకండి.

మిగతావి గబగబా చెబుతాను. పామ్ మైనం 58, 60 దగ్గర కరుగుతుంది, గట్టిగా నిలబడుతుంది, నిదానంగా ఆరబెడితే పైన ఈకల్లాంటి డిజైను దానంతటదే వస్తుంది. ఆయిల్ పామ్ తోటల్లో మన ఆంధ్రే దేశంలో ముందుంది, అయినా ఈ మైనం చిల్లరగా ఇక్కడ దొరకడం కష్టం. కొబ్బరి మైనం ఒక్కటే వాడొద్దు, మన ఊళ్లో అది పాయసమే. జెల్ మైనం, ఆ గాజులాగా కనబడేది, మైనమే కాదు, మినరల్ ఆయిల్‌లో ప్లాస్టిక్ లాంటి పదార్థం కలిపింది. లోపల గవ్వలు, ఎండుపూలు పెడతారు, ఆ పూలకు మంట అంటుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాని జోలికి పోవద్దు.

వత్తి గురించి అసలు వేరే క్లాసే కావాలి. ఒక్క ముక్క. నేతిదీపానికి పువ్వొత్తి పెడతాం, నూనెదీపానికి నిలువొత్తి పెడతాం. ఏ చమురుకు ఏ వత్తో మన అమ్మమ్మలకు తెలుసు. ఇక్కడా అంతే. మైనం మారిస్తే వత్తి మార్చాలి. తేనెమైనం చిక్కన, దానికి లావు వత్తి కావాలి. సన్నది పెడితే మధ్యలో బావి తవ్వినట్టు కిందికి దిగి, అంచుల్లో మైనం అలాగే మిగిలిపోతుంది. మరీ లావుది పెడితే మంట ఎగిసి గ్లాసు పగులుతుంది. ఒక మైనం, ఒక గ్లాసు తీసుకుని మూడు సైజుల వత్తులతో మూడు పోసి, పక్కపక్కనే వెలిగించి చూడండి. వేరే దారి లేదు.

కరిగించడం ఎప్పుడూ నేరుగా మంట మీద కాదు. పెద్ద గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లలో మైనం గిన్నె. నీళ్లు మరిగినా వంద డిగ్రీలు దాటవు, అదే మనకు రక్ష. నేరుగా పెట్టి మరిచిపోతే రెండొందల డిగ్రీల దగ్గర మైనం ఆవిరి అంటుకుంటుంది. అంటుకుంటే నీళ్లు పోయొద్దు, ఇది ఇంటికెళ్లి పిల్లలకు కూడా చెప్పండి. నీళ్లు పోస్తే మంట పైకప్పు దాకా లేస్తుంది. గ్యాసు కట్టేసి మూత పెట్టండి, అంతే. మూత పక్కనే పెట్టుకుని పని మొదలుపెట్టండి. నైలాన్ చీర వద్దు, నూలు చీర కట్టుకోండి, కొంగు నడుముకు దోపుకోండి.

(శ్రోత: మొదటిసారి ఏది కొనమంటారు?)

58-60 లేదా 60-62 పారఫిన్ రెండు కిలోలు, స్టియరిక్ పావుకిలో. దాంతో నేర్చుకోండి. చవక, చెడినా మళ్లీ కరిగించి పోసుకోవచ్చు. సోయా ఒక్క కిలో, దీపావళి దాటాక. చలికాలంలో అది మాట వింటుంది. కొలత కోసం, వంద గ్రాముల నీళ్లు పట్టే గ్లాసుకు ఎనభై ఐదు గ్రాముల మైనం లెక్కేసుకోండి, సరిగ్గా సరిపోతుంది. చెన్నై పోయేవాళ్లుంటే అక్కడి ప్యారిస్ కార్నర్ బజారులో ధర కనుక్కోండి, నలుగురు కలిసి బస్తా తెచ్చుకుంటే ఛార్జీలు కలిసొస్తాయి.

(శ్రోత: మా చర్చిలో సగం కాలిన కొవ్వొత్తులు బస్తాడు ఉన్నాయి మేడమ్, కరిగించి వాడుకోవచ్చా?)

వాడుకోవచ్చు, కానీ అమ్మడానికి వద్దు. ఏ మైనంలో ఏముందో తెలియదు, రంగులన్నీ కలిసి చివరికి మట్టిరంగు వస్తుంది, వత్తి ఏది పెట్టాలో లెక్క దొరకదు. మా ఇంట్లో నేనేం చేస్తానంటే, కరిగించి బట్టలో వడకట్టి, కొబ్బరిపీచు చిన్నచిన్న ఉండలు చేసి అందులో ముంచి ఆరబెడతాను. వానాకాలం బయట కట్టెలపొయ్యి రాజెయ్యాలంటే ఒక్క ఉండ చాలు. వచ్చే గురువారం తరగతికి ఆ బస్తా తీసుకురామ్మా, ఇక్కడే చేద్దాం. మిగతావాళ్లందరూ ఈ బల్లమీద పెట్టిన మూడు మైనాల్లో తలా ఒక ముక్క తీసుకెళ్లండి. రేపు మధ్యాహ్నం రెండింటికి మిద్దెమీద నీడలో ఒక పళ్లెంలో పెట్టి, సాయంత్రం దాకా గంటగంటకూ వేలితో నొక్కి చూసి, ఏది ఎప్పుడు మెత్తబడిందో రాసుకురండి. పిల్లలు మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.